‘బ్రాండిష్’ శబ్దార్థ విచారము

ఆంగ్లమున ‘బ్రాండిష్’ అను క్రియ యొకటి కలదు. కత్తినో, బల్లెమునో, కఱ్ఱనో పైకెత్తి యెదుటివానికిఁ గనఁబడునట్లు కదలించుట దానికి లోకప్రసిద్ధమైన యర్థము. పాఠశాలలలో దీనికిఁ దెలుఁగు చెప్పవలసి వచ్చినపుడు ‘ఆడించుట, త్రిప్పుట, విసరుట, ఝళిపించుట’ అని వరుసగా నాలుగు మాటలు చెప్పి ముగించుట పరిపాటి. వీనిలో మొదటి మూఁడును చేతి కదలికనే చెప్పును గాని, యా కదలిక యెందులకో చెప్పవు. తలను ఆడింతురు, తిరుగలిని త్రిప్పుదురు, వలను విసరుదురు. ఈ పనులలో నెదుటివాఁడు లేఁడు, బెదరింపును లేదు. నాలుగవదగు ‘ఝళిపించుట’ దగ్గఱి మాటయే యైనను నేఁటి వాడుకలో దాని హద్దు చెడినది. కావున ఆంగ్లక్రియకుఁ బ్రాణభూతమైన యంశము కదలికయా, బెదరింపా, లేక యీ రెంటికిని మూలమైన మఱియొకటియా యని విచారింపవలసియున్నది. పదము పుట్టుక యెఱిఁగినఁగాని యీ ప్రశ్నకు సమాధానము దొరకదు.

మొదట రెండు భ్రమలను దొలఁగింపవలయును. ఒకటి తుదనున్న ‘ఇష్’ ను గూర్చినది. ఆంగ్లమున ఎఱుపును జెప్పు ‘రెడ్’ అను మాటకు ‘ఇష్’ చేరి ‘రెడ్డిష్’ అగును. ఇంచుక యెఱ్ఱనిది యని దాని యర్థము. శిశువాచకమగు ‘చైల్డ్’ అనుదానికిఁ జేరి ‘చైల్డిష్’ అగును. ఆ ‘ఇష్’ విశేషణప్రత్యయము. ప్రాచీనాంగ్లమునుండి వంశక్రమముగా వచ్చినది. బ్రాండిష్‌లోని ‘ఇష్’ దానికి జ్ఞాతి గాదు. ప్రాచీన ఫ్రెంచిలోని ‘బ్రాందిర్’ అను క్రియకుఁ గొన్ని రూపములలో ‘బ్రాందిస్’ అను నంగము వచ్చును. ఆ ‘ఇస్’ యే ఆంగ్లేయుల నోట ‘ఇష్’ అయినది. లాటినులో ఆరంభార్థకములగు క్రియలలోఁ గానవచ్చు ‘స్క్’ ప్రత్యయము దీనికి మూలము. ‘ఫినిష్’, ‘పనిష్’, ‘నరిష్’, ‘పెరిష్’, ‘ఫ్లరిష్’ అను క్రియలన్నియు నీ త్రోవనే వచ్చినవి. కావున ‘ఇష్’ ను జూచి ‘ఇంచుక కదలించుట’ యని యర్థము కల్పించుట సాధువు గాదు.

రెండవ భ్రమ ‘బ్రాండ్’ అను నామమును గూర్చినది. నేఁడు అంగళ్లలో ‘బ్రాండ్’ అనఁగా సరకుపై నుండు వర్తకుని పేరు, గుఱుతు. బ్రాండిష్ దానినుండి పుట్టినదని తలఁచినచో నర్థము పొసఁగదు. ఆ గుఱుతును, ఈ క్రియయు నొకే తల్లి బిడ్డలు. ఒకటి రెండవదానికిఁ దల్లి గాదు. ఆ తల్లి యెవ్వరన, జర్మానిక భాషలలో మంటను, మండుచున్న కొఱవిని జెప్పు ‘బ్రాండ్’ అను ప్రాచీన పదము. జర్మను భాషలో నేఁటికిని ‘బ్రాండ్’ అనఁగా అగ్నిప్రమాదము. ఎఱ్ఱఁగాఁ గాల్చిన యినుముతో పశువులకును పీపాలకును వేసిన వాత ‘బ్రాండ్’ అయి, యది క్రమముగా వర్తకచిహ్నమైనది. సారాయములలో నొకటియగు ‘బ్రాందీ’ డచ్చివారి ‘కాల్చిన ద్రాక్షమద్యము’ అను సమాసమునకు సంక్షేపము. ‘బ్రాండ్ న్యూ’ అను పలుకుబడికిఁ గొలిమినుండి యపుడే వెలువడిన దని భావము. ఈ కుటుంబమున నెల్లెడల నగ్నియే కలదు.

మఱి కొఱవికిని కత్తికిని ఏమి సంబంధము? ప్రాచీనాంగ్లమున ‘బ్రాండ్’ లేక ‘బ్రొండ్’ అనుదానికి అగ్ని యనియు ఖడ్గ మనియు రెండర్థములును గలవు. బేవుల్ఫ్ కావ్యముననే యీ రెండు నర్థములును గానవచ్చును. ప్రాచీన నార్వే భాషలోని ‘బ్రాండ్ర్’ అనునదియు నట్టిదే. జర్మనుల పురుషనామములు దీనికి మంచి సాక్ష్యములు. 9వ శతాబ్దపు వ్రాతప్రతిలో నసంపూర్ణముగా దొరకిన హిల్డెబ్రాండు గాథయందు తాత పేరు హెరిబ్రాండు, తండ్రి పేరు హిల్డెబ్రాండు, కుమారుని పేరు హాదుబ్రాండు. హెరి యనఁగా సేన. హిల్డ్, హాదు అనునవి యుద్ధవాచకములు. యుద్ధఖడ్గమే యీ వంశమునకు నామధేయమైనది. మెఱుఁగుపెట్టిన కత్తి వెలుఁగునఁ దిరుగునపుడు కొఱవివలెఁ గనఁబడుటయే యీ యర్థపరిణామమునకుఁ గారణమని శబ్దవేత్తలు చెప్పుదురు. మన కవులకు ఖడ్గము నగ్నిజ్వాలతోఁ బోల్చుట క్రొత్త గాదు. మనకు అది యలంకారముగా నిలిచినది; వారికి అది నిఘంటువున కెక్కినది.

ఈ జర్మానిక పదమును ఫ్రాంకులు గాలుదేశమునకుఁ గొనిపోయిరి. అచ్చటి లాటినుజన్య భాషలో నది ఖడ్గవాచకమై, దానినుండి ‘బ్రాందిర్’ అను క్రియ పుట్టినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములు ఆంగ్లమునఁ బ్రవాహముగాఁ జేరినవి. వానితోఁ గూడ నీ క్రియయు వచ్చి 14వ శతాబ్దమునకు ఆంగ్లగ్రంథములలో నెక్కినది. అప్పటికే యాంగ్లేయుల యింట ‘బ్రాండ్’ అను సొంతమాట కలదు. అత్తవారింటి కేఁగిన యాఁడుబిడ్డ క్రొత్త నగలతోఁ బుట్టినింటికి వచ్చినట్లు, తమ కుటుంబపు మాటయే ఫ్రెంచి ప్రత్యయముతో వారికి మరల లభించినది.

వ్యుత్పత్తిని బట్టి చూడఁగా ఈ క్రియకు మూలము కదలిక గాదు, బెదరింపును గాదు, వెలుఁగు. వెలుఁగునకును కదలికకును గల యీ చుట్టఱికము జర్మానికులకు మాత్రమే చెందినది గాదు. లాటినున ‘కోరుస్కారె’ అను క్రియకు ఆయుధమును గదలించుట యనియు, తళుక్కున మెఱయుట యనియు రెండర్థములు. ‘విబ్రారె’ అనుదానికిని అట్లే కంపమును, మెఱుపును రెండును గలవు. ఆంగ్లమున ‘వైబ్రేట్’ అనునది దానినుండి వచ్చి కంపమును మాత్రమే నిలుపుకొన్నది. సంస్కృతమున స్ఫుర ధాతువు నందఱు నెఱుఁగుదురు. కన్నదరుట స్ఫురణము, మెఱుపు మెఱయుట స్ఫురణము. మూఁడు భాషలలోను నదరుటయు మెఱయుటయు నొకే క్రియలో నిముడుట కాకతాళీయము గాదు. కదలని యుక్కుపై వెలుఁగు నిలుచును. కదలిన యుక్కుపైనే వెలుఁగు మెఱుపగును. మెఱుపు చూచువాని కంటికిఁ దగులును. బ్రాండిష్ క్రియలో ‘చూచువాఁడు’ అను మూఁడవ కారకము ప్రవేశించిన ద్వార మిదియే. కత్తి పట్టినవాఁడు, కత్తి, చూచువాఁడు, ఈ మువ్వురును లేనిది యీ క్రియ పరిపూర్ణము గాదు.

ప్రయోగములను బరీక్షించిన నీ సంగతి దృఢపడును. 1485లో కాక్స్‌టన్ ముద్రించిన మాలొరీ యార్థరు కథలో, రాజు మరణకాలమున నాతని ఖడ్గమును సరస్సులోనికి విసరఁగా, నీటనుండి యొక చేయి వెలువడి దానిని బట్టుకొని ముమ్మాఱు కదలించి, బ్రాండిష్ చేసి, యదృశ్యమగును. అచ్చట ‘షేక్’ అను కంపనక్రియయు బ్రాండిష్ క్రియయుఁ బ్రక్కప్రక్కనే వేఱువేఱుగాఁ బ్రయోగింపఁబడినవి. రెంటికి నర్థ మొక్కటియే యైనచో రెండవది వ్యర్థమగును. మఱియు నా చేయి యెవ్వరినిఁ బెదరించుటలేదు. ఒడ్డున నిలిచిన యోధుఁడు చూచి రాజునకుఁ జెప్పవలయును. అందులకే యా ప్రదర్శనము. 1842లో టెన్నిసన్ యీ కథనే పద్యముగా వ్రాయుచు ఖడ్గమును ‘బ్రాండ్’ అనియే పేర్కొని, యది వెన్నెలలో మెఱుపులు పుట్టించినట్లు వర్ణించి, పిమ్మట నా చేతిచే దానిని ముమ్మాఱు బ్రాండిష్ చేయించినాఁడు. మంట, కత్తి, మెఱుపు, చూపుట అను నాలుగు మెట్లును కొన్ని పంక్తులలో నతఁడు వరుసగా నెక్కించినాఁడు. కావున బెదరింపు లేకయు నీ క్రియ యుండఁగలదు. ప్రదర్శనము లేక యుండఁజాలదు.

షేక్స్‌పియరు మాక్బెత్ నాటకము ప్రథమాంక ద్వితీయరంగమున గాయపడిన సైనికుఁడు నాయకుని పరాక్రమమును వర్ణించుచు, అతఁడు బ్రాండిష్ చేసిన యుక్కు నెత్తురుటావిరితోఁ బొగలు చిమ్మినట్లు చెప్పును. కత్తికిఁ బొగ చెప్పుటచే, మాటలో మఱుఁగుపడిన నిప్పును కవి తెలిసియో తెలియకయో రఁగిల్చినాఁడు. ఇచ్చట ప్రదర్శనముతోఁ బాటు భయమును గలదు. ఎదుట శత్రువు లున్నారు. శత్రువు చూచినపుడు ప్రదర్శనమే బెదరింపగును. అనఁగా బెదరింపు ఈ క్రియకు వాచ్యార్థము గాదు; సందర్భమునఁ బుట్టి, పలుమాఱు వాడుటచే వాచ్యమువలె స్థిరపడిన యర్థము.

ఈ స్థలమున సంస్కృతపు తర్జన శబ్దమును బోల్చి చూచుట యుచితము. తర్జ ధాతువునకు భర్త్సనము, అనఁగా బెదరించుట, ధాతువుననే సిద్ధమైన యర్థము. ఆయుధముతో దానికిఁ బని లేదు. అమరసింహుఁడు అంగుష్ఠము ప్రక్కనున్న వ్రేలికిఁ దర్జని యనియు, ప్రదేశిని యనియు రెండు పేళ్లు చెప్పెను. చూపునది గావునఁ బ్రదేశిని. బెదరించునది గావునఁ దర్జని. తెలుఁగువారు మొదటి పేరునే తెనిఁగించుకొని చూపుడువ్రేలనిరి. ఒకే వ్రేలు, ఒకే చాఁపు. దారి చూపినపుడు ప్రదేశిని, కన్నెఱ్ఱఁజేసి యాడించినపుడు తర్జని. ఆంగ్లమున ఆయుధము పేరినుండి క్రియ పుట్టఁగా, సంస్కృతమున క్రియనుండి యవయవమునకుఁ బేరు పుట్టినది. త్రోవలు వేఱైనను రెండును ‘చూపుట’ యొద్దనే కలిసికొనుచున్నవి. కాళిదాసు రఘువంశము చతుర్థసర్గమున, రఘువు ప్రాచీదిక్కునకు వెడలునపుడు గాలి కెగయు పతాకలచే శత్రువులను దర్జించుచున్నట్లుండెనని యుత్ప్రేక్షించెను. వస్త్రము గాలిలోఁ గదలుట తర్జనమైనది. ఏలన, దానిని శత్రువులు చూతురు, దాని వెనుక సేన కలదు.

శరీరచేష్ట యొక్క యర్థ మెదుటివానినిబట్టి నిర్ణీతమగునను విషయమును షేక్స్‌పియరు రోమియో జూలియట్ నాటకపు మొదటి రంగమున హాస్యముగాఁ జూపినాఁడు. పగవారి సేవకులను జూచి యొకఁడు తన బొటనవ్రేలిని గొఱుకుకొనును. అది యాకాలపు టవమానచేష్ట. మమ్ము జూచియే కొఱికితివా యని వారు నిలువఁదీయఁగా, వాఁడు తన తోడివానివైపు తిరిగి, యవునన్నచో న్యాయము మనపక్షమున నుండునా యని యడుగును. కాదని వాఁడు చెప్పఁగా, వ్రేలిని గొఱికినమాట నిజమే గాని మిమ్ము జూచి కాదని తప్పించుకొనును. అదే రంగమునఁ గొంతసేపటికి వృద్ధుఁడగు మాంటెగ్యూ కత్తి ‘ఫ్లరిష్’ చేయుచు వచ్చినాఁడని ప్రతిపక్షివృద్ధుఁడు కోపించును. ఫ్లరిష్ అనునది పూవును జెప్పు లాటిను మాటనుండి పుట్టి, వికసించుట, ఆడంబరముగాఁ ద్రిప్పుట యను నర్థములఁ బొందినది. నిప్పునుండి పుట్టిన క్రియయు, పూవునుండి పుట్టిన క్రియయు నొకే కత్తికడకుఁ జేరినవి. రెంటి సామాన్యధర్మము కంటి కింపుగనో కంటకముగనో కనఁబడుటయే.

ఆ సేవకుని ప్రశ్న నాటకముతో ముగియలేదు. న్యాయస్థానములలో నీ క్రియార్థము మీఁద మనుష్యుల స్వాతంత్ర్యము వ్రేలాడుచున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రముల కేంద్రశాసనము 1998లో సవరింపఁబడినపుడు, దౌర్జన్యపు నేరములలోఁ దుపాకిని వాడినను దగ్గఱనుంచుకొన్నను కనీసము 5 సంవత్సరములు, బ్రాండిష్ చేసినచో 7 సంవత్సరములు, ప్రేల్చినచో 10 సంవత్సరములు శిక్ష యని మూఁడు మెట్లు నిర్ణయించిరి. శాసనకర్తలు బ్రాండిష్ క్రియకు నిర్వచనమును గూడ నిచ్చిరి. దాని సారాంశ మిది: ఎదుటివానిని భయపెట్టు నుద్దేశముతోఁ దుపాకిని గాని, దానిలో భాగమును గాని చూపుట, లేదా మఱి యేవిధముగానైనను అది యున్నదని వానికిఁ దెలియఁజేయుట, ఆ తుపాకి వాని కంటికిఁ బ్రత్యక్షముగాఁ గనఁబడకపోయినను సరియే. ఈ నిర్వచనమునఁ గంపము పూర్తిగఁ దొలఁగినది. మెఱుపు తొలఁగినది. తుదకుఁ గంటికిఁ గనఁబడుటయు నావశ్యకము గాకపోయినది. మిగిలినవి రెండే: ఎదుటివాని యెఱుక, భయపెట్టు నుద్దేశము. కొఱవితో బయలుదేఱిన మాట చీఁకటిలోఁ గూడఁ బనిచేయఁగల స్థితికి వచ్చినది.

2009లో నాదేశపు సర్వోన్నత న్యాయస్థానము, పొరపాటున తుపాకి ప్రేలినను 10 సంవత్సరముల శిక్ష వర్తించుననియు, బ్రాండిష్‌కు మాత్రము ఉద్దేశ మావశ్యకమనియు వివేచించినది. 2013లో మఱియొక వ్యవహారము వచ్చినది. ముద్దాయి తుపాకిని వాడెను, లేక దగ్గఱనుంచుకొనెను అని మాత్రమే జూరీ నిర్ణయించెను; బ్రాండిష్ జరిగినదని వారు చెప్పలేదు. న్యాయాధిపతి తానుగా జరిగినదని తలఁచి 7 సంవత్సరములు విధించెను. కనీసశిక్షను బెంచు నట్టి యంశమును జూరీయే నిర్ణయింపవలయునని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి, యా శిక్షను రద్దుచేసినది. 5కును 7కును నడుమ నున్న రెండు సంవత్సరములు ఒక క్రియాపదపు వెల.

మన దేశమున నిట్టి భేదము ప్రాచీనమే. 1860 నాఁటి భారతశిక్షాస్మృతి 351వ విభాగము, బలప్రయోగము జరుగఁబోవుచున్నదని యెదుటివాఁడు శంకించునట్లు చేయు చేష్టయే నేరమనియు, వట్టిమాటలు నేరము గాకపోయినను అవి చేష్టకట్టి యర్థమును గల్పింపఁగలవనియుఁ జెప్పినది. పిడికిలి యాడించుట దానికిఁ జూపిన మొదటి యుదాహరణము. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందు ఈ నేరమునకు 130వ విభాగము. దెబ్బ తగులవలసిన పని లేదు. దెబ్బ తగులునను భయము పుట్టిన జాలును. ఈ నేరమునకుఁ దెలుఁగున ‘దౌర్జన్యము’ అనియు ‘దాడి’ యనియు వాడుచున్నారు. దౌర్జన్యము దుర్జనుని స్వభావమును జెప్పునే కాని చేష్టను జెప్పదు. దాడి యన్నచో దెబ్బ తగిలినట్లే వినువారు తలఁతురు. శాసనము చెప్పిన చేష్టకు సరిగాఁ దగిన ‘తర్జనము’ అను మాట చేతిలో నుండఁగా వాడుకకు రాకపోయినది.

ఇఁక ‘ఝళిపించుట’. కత్తి ఝళిపించుట, కొరడా ఝళిపించుట యన్నపుడు ఆయుధము గాలిలోనే యుండును. మేనికిఁ దగులలేదనియే యర్థము. ఈ హద్దున్నంతవఱకు నది బ్రాండిష్‌కు మిక్కిలి చేరువైన తెలుఁగు. కాని వార్తాపత్రికలలో ‘గుంపుపై లాఠీ ఝళిపించిరి’ అని వ్రాసినపుడు గుంపును గొట్టిరనియే యర్థము చేసికొనవలసి వచ్చుచున్నది. లాఠీ యెత్తి చూపిరా, తలలు పగులఁగొట్టిరా యను సంగతి చదువరికిఁ దెలియదు. దెబ్బ తిన్నవానికిఁ గలిగిన బాధ చూపుడుమాట వెనుక డాఁగును. వట్టిగాఁ జూపినవానిపైఁ గొట్టినట్లు నింద పడుటయుఁ గలదు. ఆంగ్లక్రియ ఆయుధమును, కదలికను, వెలుఁగును విడిచియు దెబ్బకు నీవలనే నిలిచినది. తెలుఁగుక్రియ ఆయుధమును విడువకయే దెబ్బ కావలికిఁ బోయినది. ఇది యలంకారశోభ గాదు, సత్యమునకు లోపము.

కావున నిఘంటుకర్తలును, పాఠములు చెప్పు పండితులును ఈ క్రియకు నొకే పర్యాయముతోఁ దృప్తి పొందక, సందర్భానుసారముగా మూఁడు తెఱఁగుల నర్థము చెప్పుట మేలు. కావ్యకథలలో వీరుఁడు ఖడ్గమును మెఱయించునపుడు ‘ఝళిపించుట’ తగును. మాలొరీ, టెన్నిసన్ ప్రయోగములకు నిది సరిపోవును. ఎదుట శత్రువుండి బెదరింపు ప్రధానమైనచో ‘ఎత్తి తర్జించుట’ తగును. న్యాయశాస్త్రమున కదలికయే యక్కఱలేదు గావున ‘ఆయుధమున్నదని తెలిపి భయపెట్టుట’ యని విడఁదీసి చెప్పవలసినదే. సభలో నొకరు కాగితమును బ్రాండిష్ చేసిరని యాంగ్లపత్రికలు వ్రాయునపుడు ‘ఎత్తి చూపుట’ కంటె నెక్కువ చెప్పరాదు. అచ్చట నాయుధము లేదు. ఆ కాగితము మనోవేదన కలిగింపవచ్చును గాని మేనికి గాయము చేయదు.

చేయి దింపిన పిమ్మటను దెబ్బ కొట్టనివాఁడు కొట్టనివాఁడే. తర్జనమునకును తాడనమునకును నడుమనున్న యా జానెడు చోటును జెరపకుండఁ గాపాడుట ఈ క్రియను దెనిఁగించువాని ముఖ్యధర్మము.